‘షల్’ అంటే ‘తప్పక’ అనేనా? ఒప్పందాల్లో, చట్టాల్లో ఈ మాటను చదవడం ఎలా?

ప్రశ్న: దుకాణం కోసం ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. ఖాళీ చేయడానికి రెండు నెలల ముందు అద్దెదారు నోటీసు ఇవ్వడం గురించిన షరతులో ‘షల్’ అని రాశారు. మరమ్మతుల ఖర్చు మినహాయించుకొని యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడం గురించిన షరతులో ‘మే’ అని రాశారు. బడిలో ‘ఐ, వుయ్’ తర్వాత షల్, మిగతా వాటికి విల్ అని చదువుకున్నాం. మా అబ్బాయి మాత్రం షల్ అంటే ‘చేస్తాడు’ అనే భవిష్యత్ కాలమే తప్ప మరేమీ కాదంటున్నాడు. ఇంతకీ ఈ షల్‌కు అర్థం ఏమిటి?

జవాబు:

మీ అబ్బాయి చెప్పింది బడి వరకు సరే, దస్తావేజు దగ్గర చెల్లదు. ఇంగ్లీషు దస్తావేజులను తెలుగులోకి, తెలుగువాటిని ఇంగ్లీషులోకి మార్చే పనిలో తల నెరిసినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క మాట గురించి కాస్త విడమరిచి చెబుతాను. మీ రెండు షరతుల్లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టగలిగేది షల్ ఉన్నది కాదు, మే ఉన్నది. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు బడి సూత్రం సంగతి. 1653లో జాన్ వాలిస్ అనే ఆక్స్‌ఫర్డ్ గణిత పండితుడు ఇంగ్లీషు భాషకు లాటిన్‌లో ఒక వ్యాకరణం రాశాడు. మామూలు భవిష్యత్తు చెప్పాలంటే ‘నేను, మేము’ పక్కన షల్, ‘నువ్వు, అతడు, వారు’ పక్కన విల్ వాడాలనీ, ఆజ్ఞో ప్రతిజ్ఞో అయితే రెండూ తారుమారు అవుతాయనీ అందులో చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన వ్యాకరణాలు దీన్నే పట్టుకున్నాయి, మన బడుల దాకా అదే వచ్చింది. ఈ సూత్రం మీద ఇంగ్లీషువాళ్లకే ఒక పాత హాస్యకథ ఉంది. నీళ్లలో పడిన విదేశీయుడొకడు షల్ ఉండాల్సిన చోట విల్, విల్ ఉండాల్సిన చోట షల్ పెట్టి అరిచాడట. గట్టున ఉన్నవాళ్లకు అది ‘నేను మునిగి తీరతాను, నన్నెవరూ రక్షించకూడదు’ అని వినిపించిందట. ఇవాళ మాట్లాడే ఇంగ్లీషులో ఆ సూత్రం దాదాపు పోయింది. అందరికీ విల్ చాలు. ఎవరైనా ‘ఐ విల్’ అన్నారని తప్పు దిద్దే మాస్టార్లు ఇంకా ఉంటే, వారికి దండం పెట్టి ఊరుకోవడమే.

మాట్లాడే భాషలో షల్ గట్టిగా మిగిలింది ఒక్కచోటే, ప్రశ్నలో. ‘షల్ ఐ’ అని మొదలుపెడితే ‘తలుపు తీయనా?’, ‘మంచినీళ్లు తేనా?’ అని అడిగినట్టు. ‘షల్ వుయ్’ అంటే ‘వెళ్దామా?’ అన్నట్టు. మనకు ‘-నా’, ‘-దామా’ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఈ వాడుక తెలుగువారికి ఇట్టే పట్టుబడుతుంది. ఇక్కడ మాత్రం షల్ బదులు విల్ పెడితే చెడుతుంది. అప్పుడది ఎదుటివారి ఇష్టం అడిగినట్టు కాక, జరగబోయేది చెప్పమని జోస్యుణ్ణి అడిగినట్టు ఉంటుంది.

ఇక దస్తావేజుల్లోని షల్. దీని పుట్టుక తెలిస్తే స్వభావం తెలుస్తుంది. పాత ఇంగ్లీషులో ఈ క్రియకు ‘బాకీ ఉండటం’ అని అర్థం. దీనికి జర్మన్‌లో చుట్టం ‘జోలెన్’. బాకీకీ, దోషానికీ కూడా జర్మన్లు వాడే ‘షుల్డ్’ అదే వంశంలోది. అంటే షల్ ముందు బాధ్యతను చెప్పే మాట, భవిష్యత్ కాలం దానికి తర్వాత అంటుకున్నది. మన ‘చేయాలి’ కూడా ఇలాంటి దారిలోనే వచ్చింది. అది ‘చేయవలెను’ నుంచి అరిగిన రూపం, ఆ ‘వలయు’కు మూలార్థం అవసరం, కావడం. వాళ్లు బాకీ నుంచి విధికి వెళ్లారు, మనం అవసరం నుంచి వెళ్లాం. తెలుగు బైబిలు తీసి నిర్గమకాండం 20వ అధ్యాయం చూడండి. ఇంగ్లీషులో షల్ పాతరూపంతో ఉన్న ఆజ్ఞలు తెలుగులో ‘నరహత్య చేయకూడదు’, ‘దొంగిలకూడదు’ అని వచ్చాయి. అనువదించినవారు భవిష్యత్ కాలం జోలికి పోలేదు. ‘నరహత్య చేయవు’ అని ఉంటే అది ఆజ్ఞ కాదు, కితాబు!

మరి చట్టంలో షల్ కనిపించిన ప్రతిచోటా ‘తప్పనిసరి’ అని చదువుకోవచ్చా? లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రాజ్యాంగం మొదటి అధికరణమే చూడండి. ఇండియా, అంటే భారత్, రాష్ట్రాల సమాఖ్యగా ఉంటుందని చెప్పే ఆ వాక్యంలో ఉన్నది షల్. ఇక్కడ ఎవరు ఎవరికి బాధ్యులు? ఎవరూ కారు. అది ఒక స్థితిని ప్రకటించడం. అదే 14వ అధికరణానికి వస్తే, చట్టం ముందు సమానత్వాన్ని రాజ్యం ఎవరికీ నిరాకరించకూడదు అన్నచోట షల్ పక్కన నాట్ చేరి రాజ్యం చేతులు కట్టేసింది. ఒకే పుస్తకం, ఒకే మాట, ఒకచోట ప్రకటన, ఇంకోచోట నిషేధం.

చదువు హక్కు కథ ఇంకా బాగా తెలియజెబుతుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు 45వ అధికరణం, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ పదేళ్ల లోపల ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని చెప్పింది. షల్ ఉంది, కానీ దాని వెంటనే ‘ప్రయత్నించు’ అనే క్రియ ఉంది. తప్పనిసరి అయింది ప్రయత్నం, చదువు కాదు. పైగా అది ఆదేశిక సూత్రాల భాగంలో ఉంది కాబట్టి కోర్టుకు వెళ్లి అమలు చేయించుకునే వీలు లేదు. పదేళ్లు గడిచాయి, నలభై దాటాయి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో 86వ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. అందులో షల్ పక్కన ‘ప్రయత్నించు’ ఎగిరిపోయి ‘అందించు’ వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు రాజ్యం ఉచిత నిర్బంధ విద్య అందించాలి. ఎలా అందించాలన్నది మాత్రం చట్టం ద్వారా రాజ్యం నిర్ణయించుకోవచ్చు. ఆ ‘వచ్చు’ దగ్గర ఇంగ్లీషులో ఉన్నది మే. ఇవ్వడం విధి, ఇచ్చే తీరు ఇష్టం. 2010 ఏప్రిల్ 1న ఆ సవరణ, విద్యాహక్కు చట్టం రెండూ అమల్లోకి వచ్చాయి. కాబట్టి షల్ కనపడగానే ఆగిపోకండి, దాని వెనకనున్న క్రియ ఏమిటో చూడండి. బరువంతా ఆ క్రియలోనే ఉంటుంది.

షల్, మే రెండూ పక్కపక్కనే ఎంత పదునుగా పని చేస్తాయో చూడాలంటే 74వ అధికరణం చదవాలి. రాష్ట్రపతికి సహాయ సలహాలు ఇవ్వడానికి మంత్రిమండలి ఉంటుందని మాత్రమే మొదట రాశారు. ఆ సలహాను రాష్ట్రపతి పాటించి తీరాలా అన్నది అక్షరాల్లో లేదు. 1976లో 42వ సవరణ, ఆ సలహా ప్రకారమే నడుచుకోవాలని షల్ పెట్టి బిగించింది. 1978లో 44వ సవరణ కాస్త సడలించింది. సలహాను పునఃపరిశీలించమని రాష్ట్రపతి కోరవచ్చు, ఇది మే. పునఃపరిశీలన తర్వాత ఇచ్చిన సలహా ప్రకారం నడుచుకోవాలి, ఇది మళ్లీ షల్. దేశాధినేత అధికారం ఎంత వరకన్నది రెండు చిన్న మాటల మధ్య ఇమిడిపోయింది.

ఇప్పుడు దీనికి తిరకాసు. తప్పనిసరి ధ్వనిలో రాసిన షల్‌ను కోర్టులే తప్పనిసరి కాదని చెప్పిన సందర్భాలు కొల్లలు. అందరూ ఉదహరించేది 1957 నాటి మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసు. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ వ్యవహారాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని 320వ అధికరణంలో షల్‌తోనే ఉంది. సంప్రదింపు సరిగా జరగలేదు కాబట్టి తనకు వేసిన శిక్ష చెల్లదని ఉత్తరప్రదేశ్ ఉద్యోగి వాదించాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కమిషన్ సలహా ఎలాగూ ప్రభుత్వాన్ని కట్టడి చేయదు, కొన్ని వ్యవహారాలను సంప్రదింపు నుంచి మినహాయించే వీలు ఆ అధికరణమే ఇచ్చింది, సంప్రదించకపోతే ఏమవుతుందో ఎక్కడా చెప్పలేదు. అందువల్ల అక్కడి షల్ మార్గదర్శకమే గాని అనుల్లంఘనీయం కాదని తేల్చింది.

‘సంప్రదించకపోతే ఏమవుతుందో చెప్పలేదు’ అన్న ఆ కారణాన్ని గుర్తు పెట్టుకోండి. షల్‌ను చదివేటప్పుడు నేను మొదట వెతికేది అదే. సివిల్ దావాలో ప్రతివాది తన జవాబును, అంటే లిఖితపూర్వక వాంగ్మూలాన్ని, 30 రోజుల్లో దాఖలు చేయాలి, కారణం చూపితే 90 రోజులు దాటకుండా గడువు పొడిగించవచ్చు అని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు మొదటి రూలు చెబుతోంది. ‘దాటకుండా’ అన్నచోట షల్ నాట్ ఉంది. అయినా 2005లో కైలాశ్ వర్సెస్ నన్హకూ కేసులో సుప్రీంకోర్టు, గడువు దాటితే ఫలానా నష్టం అని అందులో లేదు గనుక, తగిన కారణముంటే 90 రోజుల తర్వాత కూడా కోర్టు స్వీకరించవచ్చని చెప్పింది. తర్వాత వాణిజ్య దావాలకు 2015 చట్టం వచ్చింది. దాని ప్రకారం సమన్లు అందిన 120 రోజులు దాటితే ప్రతివాది ఆ హక్కు కోల్పోతాడు, కోర్టు దాన్ని రికార్డులోకి తీసుకోకూడదు అని విడమరిచి రాశారు. 2019లో ఇదే సుప్రీంకోర్టు వాణిజ్య దావాల్లో ఈ గడువు కచ్చితమైనదేనని చెప్పింది. రెండుచోట్లా షల్ ఉంది. మారింది దాని తోక, అంటే పాటించకపోతే ఏమవుతుందో చెప్పే మాట.

సమాచార హక్కు చట్టం వాడినవారికి ఇది అనుభవమే. దరఖాస్తు అందిన 30 రోజుల లోపల అధికారి సమాచారం ఇవ్వాలి, లేదా తిరస్కరించాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. అంతటితో వదిలేయకుండా, గడువులో స్పందించకపోతే తిరస్కరించినట్టే భావించాలని, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా విధించాలని ఆ చట్టం తోక తగిలించింది. వినని అధికారులు ఇప్పటికీ ఉన్నారన్నది వేరే కథ. కానీ వారి మీద అప్పీలుకు వెళ్లడానికి కాలు మోపే చోటు ఇదే.

ఒక్క మాట తేడా మనిషి జీవితాన్ని ఎంత మారుస్తుందో చూపే ఉదాహరణ సాక్ష్య చట్టంలో ఉంది. అక్కడ ‘మే ప్రిజ్యూమ్’, ‘షల్ ప్రిజ్యూమ్’ అనే రెండింటికీ చట్టమే నిర్వచనం ఇచ్చింది. మొదటిదానిలో కోర్టు ఒక విషయం నిజమని అనుకోవచ్చు, లేదా రుజువు చేయమని అడగవచ్చు. రెండోదానిలో, కాదని రుజువయ్యేదాకా నిజమని అనుకొని తీరాలి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకొని, భర్తో అతని బంధువులో ఆమెను క్రూరంగా చూశారని తేలితే, వారే ప్రేరేపించారని కోర్టు అనుకోవచ్చు. ఇది 1983లో చేరిన 113ఎ సెక్షన్, మే. చనిపోవడానికి కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించారని తేలిన వరకట్న మరణం కేసులో మాత్రం ఆ మరణానికి వారే కారకులని కోర్టు అనుకొని తీరాలి. ఇది 1986లో చేరిన 113బి, షల్. కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో ఇవి 117, 118 సెక్షన్లయ్యాయి గాని మే, షల్ మాత్రం వాటి వాటి స్థానాల్లోనే ఉన్నాయి. చెల్లని చెక్కు కేసుల్లో కూడా ఇంతే. చెక్కు ఏదో బాకీ తీర్చడానికే ఇచ్చారని కోర్టు అనుకొని తీరాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139వ సెక్షన్ చెబుతుంది. కాదని చూపే భారం చెక్కు ఇచ్చినవాడి మీద పడుతుంది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు నమ్మకం మీద చేతికిచ్చేవారు ఈ ఒక్క షల్ గురించి తెలుసుకుంటే బాగుండును.

ఇటు మే కూడా అన్నిసార్లూ ఐచ్ఛికం కాదు. చట్టం ఒక అధికారికి ఏదో చేయవచ్చు అని అధికారం ఇచ్చి, ఆ అధికారం ఫలానావారి మేలు కోసమే ఇచ్చిందని సందర్భం చెబుతుంటే, ఆ ‘చేయవచ్చు’ ‘చేయాలి’గా మారవచ్చని ఇంగ్లండులో 1880 నాటి జూలియస్ వర్సెస్ ఆక్స్‌ఫర్డ్ బిషప్ కేసు నుంచి చెప్పుకుంటున్నారు. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1995లో ఒక తీర్పులో, చట్టం రాసేవారు షల్‌ను ఒక్కోసారి మే అర్థంలో కూడా వాడేస్తుంటారని విసుక్కుంది.

ఈ గందరగోళంతో విసిగి కొన్ని దేశాలు షల్‌ను సాగనంపడం మొదలుపెట్టాయి. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో హక్కుల పట్టికను రాజ్యం గౌరవించాలి, కాపాడాలి అన్నచోట మస్ట్ ఉంది. అమెరికా సమాఖ్య సివిల్ కోర్టుల నియమాలను 2007లో తిరగరాసినప్పుడు షల్‌ను తీసేశారు. నా ఓటు కూడా మస్ట్‌కే. మన చట్టాల ముసాయిదాలు మాత్రం ఇంకా షల్‌ను వదలలేదు, ఇప్పట్లో వదులుతాయని కూడా అనుకోను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారికి ఒక ఊరట ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాల కోసం 1997లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2119 పత్రం షల్‌నూ మస్ట్‌నూ ఒకే గాటన కట్టి, షుడ్ అంటే బలమైన సిఫారసు అనీ, మే అంటే ఐచ్ఛికం అనీ స్థిరపరిచింది. అక్కడ వాదనకు తావు లేదు. న్యాయవాదులకు ఇంజనీర్లంత పొదుపు ఎప్పటికి వస్తుందో!

తెలుగులోకి తెచ్చేటప్పుడు వచ్చే తిప్పలు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఒప్పందాన్ని రేపు ఎవరితోనో తెలుగు చేయించుకుంటారు. షల్ కనపడగానే ‘-బడును’ తగిలించేవారు ఎక్కువ. ‘అద్దె ప్రతి నెలా 5వ తేదీ లోపల చెల్లించబడును’ అంటారు. ఎవరు చెల్లిస్తారు? చెల్లించకపోతే? వాక్యం నోరు మెదపదు. ‘అద్దెదారు చెల్లించాలి’ అంటే పోయేదానికి అంత డొంకతిరుగుడు ఎందుకు? ప్రామిసరీ నోటు రాసే మన పాతకాలపు లేఖరులు ఈ విషయంలో తెలివైనవాళ్లు. ‘మీరు కోరినప్పుడు అసలు, వడ్డీ చెల్లించగలవాడను’ అని రాశారు. పైకి చూస్తే ‘గల’ శక్తిని చెప్పే మాట, కానీ ఆ చోట అది మాట ఇవ్వడమేనని సంతకం పెట్టేవాడికీ తెలుసు, పెట్టించుకునేవాడికీ తెలుసు. అదే ‘గల’ కార్యాలయాల లేఖల్లో ‘గమనించగలరు’, ‘హాజరు కాగలరు’ అని మర్యాదగా మారుతుంది. నోటీసులో ‘హాజరు కాగలరు’ అని ఉంటే అది వీలు చూసుకొని రమ్మన్న పిలుపనుకొని ఇంట్లో కూర్చోకండి.

మే పక్కన నాట్ చేరినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. అది ‘చేయరాదు’ కావచ్చు, ‘చేయకపోవచ్చు’ కావచ్చు. యజమాని అనుమతి లేకుండా అద్దెదారు గదిని వేరేవారికి ఇవ్వడం గురించి ఆ మాట ఉంటే అది నిషేధం. ఫలానా రోజున యజమాని ఊళ్లో ఉండటం గురించైతే అది అనుమానం. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, అందువల్ల అనువాదంలో దాక్కోవడానికి చోటు ఉండదు. అది మన భాష చేసే మేలు.

సరే, మీ ఒప్పందం. నోటీసు షరతులోని షల్ నిజమైన బాధ్యతే. చేయవలసినవారు మీరు, చేయవలసింది రెండు నెలల ముందు నోటీసు. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలునని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది గాని, మీరు రెండు నెలలకు ఒప్పుకున్నారు కాబట్టి అదే లెక్క. అయితే నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేస్తే ఏమిటో ఆ షరతులో ఉందా? రెండు నెలల అద్దె పట్టుకుంటారని ఉంటే ఒక దారి, లేకపోతే యజమాని తనకు జరిగిన నష్టం చూపించుకోవాలి. ఆ తోక చదవండి.

అడ్వాన్సు షరతులో ‘మే’ దేనికి తగులుతుందో ఆ వాక్యంలో తెలియడం లేదు. ఖర్చు మినహాయించుకోవడానికి తగిలితే పేచీ లేదు. తిరిగి ఇవ్వడానికి తగిలితే, ఇస్తే ఇస్తాను లేకపోతే లేదని యజమాని వాదించడానికి సందు దొరుకుతుంది. అడ్వాన్సు స్వభావమే తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము కాబట్టి ఆ వాదన కోర్టులో నిలవడం కష్టం. కానీ దుకాణం నడుపుకునేవారికి కోర్టు చుట్టూ తిరిగే తీరిక ఉంటుందా? మంచి మాటలు నడుస్తున్నప్పుడే యజమానిని అడిగి ఆ ఒక్క షరతును ఇలా మార్పించుకోండి: ‘అద్దెదారు తాళాలు అప్పగించిన తేదీ నుంచి 30 రోజుల లోపల యజమాని అడ్వాన్సు మొత్తాన్ని తిరిగి ఇవ్వాలి. మరమ్మతులకు ఖర్చయి ఉంటే, బిల్లులు చూపి, ఆ మేరకు మాత్రమే మినహాయించుకోవచ్చు. గడువు దాటితే ఆ సొమ్ముపై వడ్డీ చెల్లించాలి.’ వడ్డీ రేటు మీరిద్దరూ మాట్లాడుకొని అంకెల్లోను, అక్షరాల్లోను రాయండి.

ఇంకొక్కటి. ఒప్పందం ఏడాది మించిన కాలానికైతే రిజిస్టరు చేయాలని రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌లో షల్ ఉంది. చేయకపోతే దాన్ని అద్దె హక్కుకు సాక్ష్యంగా తీసుకోరని 49వ సెక్షన్‌లో దానికి తోక కూడా ఉంది. అందరూ 11 నెలలకు రాయించుకునేది అందుకే. మీది ఎన్ని నెలలకు రాశారో మొదటి పేజీలో చూసుకోండి. మూడేళ్లకో ఐదేళ్లకో అయి, రిజిస్ట్రేషన్ కాకపోతే, పైన చెప్పిన మార్పు కంటే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.